మండపీత నుంచి వంశవృక్షం దాకా: హైదరాబాద్‌లో ఉండి సముద్రపు అకశేరుకాలపై పరిశోధన చేయడం ఎలా?

జంతుశాస్త్రం చదివే పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది కదా సార్, హైదరాబాద్‌లో కూర్చుని సముద్రపు జీవుల మీద పనిచేయడం అయ్యే పనేనా?" అయ్యే పనే. వర్గీకరణ పరిశోధనలో సముద్రపు ఒడ్డున గడిపే రోజులు చాలా తక్కువ. మిగిలిన కాలమంతా బల్ల ముందే సాగుతుంది: చేతిలో భూతద్దం, పక్కన నమూనాల సీసాలు, ఎదురుగా నూరేళ్ల నాటి వ్యాసాలు, డీఎన్ఏ వరుసలు తెరిచిన కంప్యూటర్. ఆ బల్ల విశాఖలో ఉన్నా, తార్నాకలో ఉన్నా పని మారదు.

ఇది ఆ పనికి మెట్టు మెట్టుగా రాసిన దారి. మొదటి నుంచి చివరి దాకా ఒకే జంతువును పట్టుకుని నడుస్తాను. అది మండపీత. మడ అడవుల బురదలో, నదీముఖాల్లో పెరిగే పెద్ద పీత. మన మార్కెట్లలో ప్రాణంతో, తాళ్లతో కట్టి అమ్ముతారు. దాన్నే ఎంచుకోవడానికి కారణం దాని పేరు పడిన పాట్లు.

ముందు ఆ పేరు సంగతి

1775లో ప్రకృతి శాస్త్రవేత్త ఫోర్స్కాల్ పేరిట వెలువడిన గ్రంథంలో ఈ పీతల్లో ఒకదానికి 'క్యాన్సర్ సెరాటస్' అన్న పేరు కనిపిస్తుంది. అప్పటికి ఫోర్స్కాల్ బతికి లేడు. డెన్మార్క్ రాజు పంపిన అరేబియా యాత్రలో ఉండగానే 1763లో యెమెన్‌లో చనిపోయాడు. తర్వాత హెర్బ్‌స్ట్ 1796లో 'ఒలివేసియా'ను, ఫాబ్రిసియస్ 1798లో 'ట్రాంక్విబారికా'ను వర్ణించారు. ఈ చివరి పేరు మన పక్క తీరానిదే. తమిళనాడులోని తరంగంబాడిని డేన్లు ట్రాంక్విబార్ అని పిలిచేవారు. 1833లో డీ హాన్ ఈ పీతల కోసం 'సిల్లా' అనే ప్రజాతిని ఏర్పరిచాడు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. 1949లో ఎస్టాంపడార్ ఫిలిప్పీన్స్ పీతలను చూసి, ఇవి ఒక్క జాతి కావు, మూడు జాతులు, ఒక ఉపరకం అన్నాడు. పదకొండేళ్లకు, 1960లో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు స్టీఫెన్సన్, క్యాంప్‌బెల్ అన్నిటినీ మళ్లీ ఒకే జాతిగా కలిపేశారు. దాదాపు యాభై ఏళ్లు ఈ తగవు తెగలేదు. 1998లో కీనన్, డేవీ, మాన్ ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా నమూనాలు తెప్పించి, ప్రోటీన్లూ, రెండు మైటోకాండ్రియా జన్యువులూ, శరీర కొలతలూ కలిపి పరిశీలించి నాలుగు జాతులని తేల్చారు: సెరాటా, ట్రాంక్విబారికా, పారామామొసైన్, ఒలివేసియా.

మన దేశంలో చాలాకాలం పెద్ద పచ్చ పీతను 'ట్రాంక్విబారికా' అనీ, చిన్నగా ఎర్రటి డెక్కలతో ఉండేదాన్ని 'సెరాటా' అనీ రాసుకుంటూ వచ్చారు. డీఎన్ఏ పోల్చి చూస్తే పెద్దదే సెరాటా అనీ, చిన్నది ఒలివేసియా అనీ తేలింది. అంటే ఒక పాత వ్యాసంలో 'సెరాటా పిల్లల పెంపకం' అని చదివితే, అది ఏ పీత గురించో పేరును బట్టి చెప్పలేం. ఆ పరిశోధకులు నమూనా దాచి ఉంటేనే తెలుస్తుంది. ఈ వ్యాసమంతా నేను చెప్పేది చివరికి ఈ ఒక్క మాటే: జాతి పేరు ఒక వాదన, నమూనా దానికి సాక్ష్యం. సాక్ష్యం లేని వాదనను తిరిగి విచారించే దారి ఉండదు.

మొదటి అడుగు: చిన్న సమూహాన్ని ఎంచుకోండి

'సముద్రపు అకశేరుకాలు' అనేది పరిశోధనాంశం కాదు. జంతు వర్గాలు ముప్పైకి పైగా ఉంటే దాదాపు అన్నిటికీ సముద్రంలో ప్రతినిధులున్నారు. పేరు పెట్టిన సముద్ర జీవజాతులే రెండు లక్షలు దాటాయి, వాటిలో అత్యధికం వెన్నెముక లేనివే. ఒక కుటుంబమో, వీలైతే ఒక ప్రజాతో చాలు.

ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. నమూనాలు చట్టబద్ధంగా, తేలికగా దొరకాలి. భూతద్దంతోనో, మామూలు డిసెక్షన్ సూక్ష్మదర్శినితోనో చూడగల లక్షణాలు ఉండాలి. ఇంకా తేలని ప్రశ్న ఏదో ఒకటి మిగిలి ఉండాలి. పీతలు, రొయ్యలు, నత్తగుల్లలు, ఆల్చిప్పలు ఈ మూడింటికీ సరిపోతాయి. పగడాలతో, స్పంజికలతో మొదలుపెట్టవద్దని నా సలహా. అవి ముఖ్యం కాక కాదు. వాటి మైటోకాండ్రియా జన్యువులు చాలా నెమ్మదిగా మారతాయి, మామూలు డీఎన్ఏ పద్ధతితో దగ్గరి జాతులను విడదీయలేం. కొత్తవారు అక్కడే నీరసపడిపోతారు.

రెండవ అడుగు: అనుమతులు

దీన్ని మొదటి నెలలోనే పూర్తి చేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలో పగడాలు, సముద్ర దోసకాయలు, కొన్ని గుల్లలు ఉన్నాయి. 2022 సవరణతో షెడ్యూళ్ల అమరిక మారింది కాబట్టి పాత పుస్తకంలోని జాబితాను నమ్మవద్దు, తాజా జాబితా చూడండి. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం కూడా నేరం కావచ్చు. కాకినాడ దగ్గరి కోరింగ వంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పీతను కూడా పట్టకూడదు. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం నమూనాలనో, వాటి డీఎన్ఏనో విదేశీ సహచరులకు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు పాటించాలి.

మూడవ అడుగు: చూడడం నేర్చుకోండి

ఇక్కడ తొందరపడకండి. కనీసం మూడు నెలలు దీనికే ఇవ్వండి.

ఆదివారం పొద్దున్నే రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లి నాలుగైదు మండపీతలు కొనండి. ఇంటికి తెచ్చి గంటా రెండు గంటలు ఐసులో గాని, ఫ్రీజర్‌లో గాని ఉంచండి. చలికి అవి మగతలోకి జారి, బాధ తక్కువగా చనిపోతాయి. తర్వాత తాళ్లు విప్పి, బ్రష్షుతో బురద కడిగి, తెల్లటి పళ్లెంలో పెట్టండి.

ముందు వెల్లకిలా తిప్పండి. పొట్ట కింద మడిచిన మూత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆ మూత నిజానికి రొయ్యకు తోకలా ఉండే భాగమే. పీతల్లో పొట్టిదై, కిందికి మడుచుకుపోయింది. మూత ఎత్తితే మగదానిలో రెండు జతల సన్నని కాడలు కనిపిస్తాయి. వాటిని గోనోపాడ్లు అంటారు. పీతల వర్గీకరణలో చాలా కుటుంబాల్లో జాతిని తేల్చేది వాటి చివర ఆకారమే.

ఇప్పుడు బోర్లా పెట్టండి. డొప్ప అంచున కన్ను దగ్గర నుంచి పక్క చివరి దాకా ముళ్లు లెక్కపెట్టండి. ఒక్కో వైపు తొమ్మిది ఉంటాయి. సిల్లా పీతలన్నిటికీ అంతే కాబట్టి, జాతిని గుర్తించడానికి అవి పనికిరావు. లెక్కపెట్టమని ఎందుకన్నానంటే, అన్నిటిలో ఉండే లక్షణం వేరు, కొన్నిటిని విడదీసే లక్షణం వేరు అన్నది చేత్తో ముట్టుకుంటేనే ఒంటపడుతుంది.

విడదీసేవి రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, రెండు కళ్ల మధ్య నుదుటి అంచున ఉండే నాలుగు పళ్లు. సెరాటాలో అవి ఎత్తుగా, మొనదేలి ఉంటాయి. ఒలివేసియాలో పొట్టిగా, గుండ్రంగా, అలల్లా ఉంటాయి. రెండోది డెక్క మణికట్టు. సెరాటాలో మణికట్టు బయటి అంచున రెండు స్పష్టమైన ముళ్లుంటాయి. ఒలివేసియాలో సాధారణంగా ఒకటే, అదీ అరిగిపోయినట్టు ఉంటుంది. కాళ్లపై రంగు కూడా చూడండి: సెరాటా కాళ్లన్నిటి మీదా వల అల్లినట్టు బహుభుజుల గీతలు, ఒలివేసియాలో అవి కనిపించవు. ట్రాంక్విబారికాకూ మణికట్టున రెండు ముళ్లుంటాయి గాని, ఆ వల గీతలు ముఖ్యంగా వెనుక రెండు జతల కాళ్లకే పరిమితం.

కంటితో చూశాక వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నుదుటి పన్ను ఎత్తును నుదుటి వెడల్పుతో భాగించండి. మణికట్టు లోపలి ముల్లును బయటి ముల్లుతో భాగించండి. 'ఎత్తుగా', 'పొట్టిగా' అనేవి చూసేవారిని బట్టి మారే మాటలు. నిష్పత్తి మారదు, పీత చిన్నదైనా పెద్దదైనా పోల్చవచ్చు. 1998 నాటి పరిశోధన నిలబడడానికి ఇలాంటి నిష్పత్తులు పెద్ద ఆసరా అయ్యాయి.

ఒక జాగ్రత్త. మార్కెట్ పీత ఏ తీరాన పట్టారో అమ్మేవారికి కూడా తెలియదు. అందుకే అది సాధనకే గాని, 'ఫలానా చోట ఈ జాతి ఉంది' అని చెప్పడానికి పనికిరాదు.

మార్కెట్‌కు వెళ్లలేని రోజు ఇల్లు వెతకండి. అష్టాచెమ్మా ఆడిన గవ్వలుంటే ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. గవ్వ అడుగున పళ్లున్న సన్నని చీలికే గుల్ల నోరు. పిల్ల గవ్వకు మామూలు నత్తలాగే చుట్లు కనిపిస్తాయి, పెరిగేకొద్దీ చివరి చుట్టు మిగతావాటిని మింగేస్తుంది. పూజగదిలో శంఖం ఉంటే మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ కుడి చేతి వైపు ఉంటే అది మామూలు శంఖం. ఎడమ చేతి వైపు నోరున్నదే దక్షిణావర్తం, అది ఈ జాతిలో అత్యంత అరుదు. అమెరికా తీరాల్లో సహజంగానే ఎడమవైపు చుట్టు తిరిగే వేరే కుటుంబపు నత్త గుల్లలు దక్షిణావర్త శంఖాలుగా అమ్ముడవుతుంటాయి. వాటిని వేరు చేయడానికి లోపల చూడండి. మన శంఖం నడిమి స్తంభం మీద మూడు నాలుగు బలమైన మడతలుంటాయి, ఆ అమెరికా గుల్లలో ఉండవు.

మహబూబ్ చౌక్ పక్షుల దుకాణాల్లో పిట్టలు ముక్కు రాసుకోవడానికి తెల్లటి తేలికపాటి బిళ్ల అమ్ముతారు. ఆయుర్వేద దుకాణంలో అదే సముద్రపు నురుగు. అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ ఒంటి లోపలి గుల్ల. దాని పూర్వీకులు బయట మోసిన గుల్ల తరాలు గడిచేకొద్దీ లోపలికి పోయి ఇలా మారింది. మెత్తగా ఉన్న వైపు గోటితో గీకి, భూతద్దం పెట్టి చూడండి. సన్నని అరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. వాటిలో వాయువు, నీరు మార్చుకుంటూ అది నీటిలో తేలుతుంది. బయట గుల్ల మోసే నాటిలస్‌లోనూ ఇలాంటి అరలే ఉన్నాయి. పరిణామం మీద నేను చెప్పిన పాఠాల్లో పిల్లల కళ్లు పెద్దవైంది ఈ బిళ్లను గీకిన రోజునే.

నాలుగవ అడుగు: పాత వ్యాసాలు చదవండి

వర్గీకరణలో పాతదేదీ పాతబడదు. జంతువుల పేర్లకు లిన్నేయస్ గ్రంథం 'సిస్టమా నేచురే' 1758 నాటి పదవ కూర్పే ఆరంభం. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఎవరు ముందు సరైన పద్ధతిలో పేరు పెడితే ఆ పేరే చెల్లుతుంది. అంతర్జాతీయ నామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, దాన్ని ఒకసారైనా పూర్తిగా చదవండి. సిల్లా సెరాటా పక్కన ఫోర్స్కాల్ పేరూ, 1775 అన్న సంవత్సరమూ బ్రాకెట్లలో ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. ఆయన పెట్టిన ప్రజాతి వేరు, ఇప్పుడున్న ప్రజాతి వేరు అని ఆ బ్రాకెట్లు చెబుతున్నాయి.

పాత గ్రంథాలు ఉచితంగా చదవడానికి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ ఉంది. ప్రస్తుతం చెల్లే పేరు కోసం ప్రపంచ సముద్రజీవుల రిజిస్టర్, 'వర్మ్స్', చూడండి. భారత పీతలకైతే ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ పందొమ్మిదో శతాబ్దం చివర రాసిన వ్యాసాలు నేటికీ చదవదగ్గవి. 'ఇన్వెస్టిగేటర్' ఓడలో వైద్యుడిగా, ప్రకృతి పరిశీలకుడిగా తిరిగిన మనిషి కాబట్టి ఆయన వర్ణనల్లో జంతువు కళ్ల ముందు నిలుస్తుంది.

చదివేటప్పుడు ఒక ప్రశ్న వదలకండి: ఈ పోలిక రక్తసంబంధం వల్ల వచ్చిందా, బతుకు తీరు వల్ల వచ్చిందా? పడవ అడుగున అంటుకుని బతికే బార్నకిల్స్‌ను ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే నత్తల పక్కన పెట్టాడు, పైన గట్టి గుల్ల ఉంది కదా అని. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వాటి పిల్లలు ఈదుతూ ఉండడం చూశాడు. అవి అచ్చం రొయ్య, పీత బంధువుల పిల్లల్లా ఉన్నాయి. ఆ తర్వాత డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు బార్నకిల్స్ కోస్తూ కూర్చున్నాడు. జాతి అంటే ఏమిటో, తేడా అంటే ఏమిటో ఆయన చేతికి పట్టుబడింది ఆ ఏళ్లలోనే అని నా నమ్మకం. 1866లో కొవలెవ్‌స్కీ సముద్రపు అసిడియన్ల డింభకంలో (పిల్ల దశలో) పృష్ఠవంశం, అంటే వెన్నెముక స్థానంలో ఉండే కడ్డీ లాంటి భాగం, ఉందని చూపాడు. తోలుసంచిలా రాయికి అతుక్కుని ఉండే ఆ జీవి నత్త బంధువు కాదు, మన బంధువు. పెద్దదాన్ని ఎంత కోసినా తెలియనిది పిల్లను చూస్తే తెలిసింది.

పీత ఆకారం కూడా ఇలాగే మోసం చేస్తుంది. పొట్టి తోక కిందికి మడుచుకుని, వెడల్పైన డొప్పతో ఉండే రూపం వేర్వేరు వంశాల్లో కనీసం ఐదుసార్లు విడివిడిగా వచ్చింది. బొరడేల్ 1916లోనే దీనికి 'కార్సినైజేషన్' అని పేరు పెట్టాడు. రాతి తీరంలో బండ ఎత్తితే పరుగెత్తే చిన్న చదును పీత కనిపిస్తే, డెక్కలు వదిలేసి నడిచే కాళ్లు లెక్కపెట్టండి. నాలుగు జతలుంటే నిజమైన పీత కావచ్చు. మూడు జతలే కనిపిస్తే అది పోర్సెలిన్ పీత, సన్యాసి పీతలకు దగ్గరిది.

ఐదవ అడుగు: తీరానికి వెళ్లండి

రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడలో దిగుతారు. రాతి తీరపు జీవులు కావాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లండి. తేదీని మాత్రం సెలవులు చూసి కాదు, ఆటుపోట్లు చూసి ఖరారు చేసుకోండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది, రాళ్లు బయటపడతాయి. ఆటుపోట్ల సమయాలు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే అక్కడ ఉండండి. ఎత్తిన ప్రతి రాయినీ తిరిగి అలాగే పెట్టండి. రాయి అడుగున బతికేవాటికి ఎండ తగిలితే చావే.

మండపీతల కోసం బురదలో దిగే కన్నా, పీతలు పట్టే మత్స్యకారుల దగ్గర ఒడ్డునే కొనడం మేలు. ఏ కాలువలో పట్టారు, ఏ లోతులో, ఏ వలతో, ఆ ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారు అని అడిగి రాసుకోండి. రెండు రకాల మండపీతలున్నాయన్న సంగతి వాళ్లకు పుస్తకం చదవకుండానే తెలుసు. వాళ్లు వేరు చేసే గుర్తులేమిటో వినండి.

చీటీ అక్కడే రాయాలి. తేదీ, చోటు, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, నీటి స్వభావం, పట్టినవారి పేరు, మీ పేరు, వరుస సంఖ్య. మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. నేను చదువుకునే రోజుల్లో ఒకసారి బాల్‌పెన్‌తో రాసి వేశాను. కొన్ని వారాలకు ఆల్కహాల్ సిరాను తినేసింది. పదకొండు సీసాల్లో పీతలు మిగిలాయి, ఏది ఎక్కడిదో పోయింది. ఆ రెండు రోజుల బురద నడకా, పీతల ప్రాణాలూ వృథా అయ్యాయన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆరవ అడుగు: భద్రపరచండి

ముందు ఫోటోలు తీయండి, రంగు ఆల్కహాల్‌లో నిలవదు. తర్వాత నడిచే కాలు ఒకటి తుంచి 95 శాతం ఇథనాల్‌లో వేయండి, అది డీఎన్ఏ కోసం. మర్నాడు ఆ ఇథనాల్ మార్చండి. కండలోని నీరు దాన్ని పలుచన చేసి ఉంటుంది. మిగిలిన పీతను 70 శాతంలో ఉంచితే కీళ్లు మరీ బిరుసెక్కకుండా ఉంటాయి. రెండు సీసాలకూ ఒకే వరుస సంఖ్య. ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తుంది, ఆమ్లం చేరితే సున్నపు గుల్లలను కూడా కరిగిస్తుంది. సముద్ర పుష్పాలు, నత్తల వంటి మెత్తటి జీవులు నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోతాయి. ముందు సముద్రపు నీటిలో మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం కలిపి, అవి పూర్తిగా సడలి, తాకినా కదలనంత వరకు ఆగండి.

ఏడవ అడుగు: డీఎన్ఏ చదవండి

బియ్యపు గింజంత కండ చాలు. ప్రయోగశాల సౌకర్యం లేని కళాశాలల వారు, ఉన్న సంస్థతో కలిసి పనిచేయాలి, హైదరాబాద్‌లో దానికి లోటు లేదు. సాధారణంగా చదివేది మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఒకటో జన్యువులో 658 అక్షరాల ముక్క. దీన్ని రెట్టింపు చేయడానికి ఫోల్మర్ బృందం 1994లో ప్రకటించిన ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

వరుస రాగానే సంతోషపడకండి. దాన్ని అకశేరుకాల మైటోకాండ్రియా సంకేతపట్టిక ప్రకారం ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో ఆపు సంకేతం వస్తే, మీరు చదివింది అసలు జన్యువు కాకపోవచ్చు. కేంద్రకంలోకి దూకి పనిలేకుండా పడి ఉన్న దాని నకలు కావచ్చు. క్రస్టేషియన్లలో ఇది మామూలే. సముద్రపు ఆల్చిప్పల్లో కొన్నిటికి ఇంకో చిక్కు: మగవాటిలో తండ్రి నుంచి వచ్చే వేరే మైటోకాండ్రియా వంశం ఉంటుంది. ఏ కణజాలం తీశారన్న దాన్ని బట్టి వరుస మారిపోతుంది.

తర్వాత డీఎన్ఏ వరుసల ఉచిత భాండాగారమైన జెన్‌బ్యాంక్‌లో పోల్చండి. పైన కనిపించిన పేరే మీ పీత పేరు అనుకోవడం పెద్ద పొరపాటు. పేర్లు తారుమారైన కాలంలో చేర్చిన సిల్లా వరుసలు అక్కడ తప్పు పేర్లతోనే ఉండవచ్చు. ప్రతి వరుసకూ ఒకటే ప్రశ్న వేయండి: ఇది ఏ నమూనాది, ఆ నమూనా ఎక్కడుంది? 1998 పరిశోధనలాగా నమూనా దాచిన పనుల వరుసలకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఎనిమిదవ అడుగు: వంశవృక్షం కట్టండి

వరుసలను మాఫ్ట్ వంటి ప్రోగ్రాంతో ఒకదాని కింద ఒకటి సరిచేసి, ఐక్యూ-ట్రీ లేదా మిస్టర్ బేయస్‌తో వృక్షం కట్టవచ్చు. ఇవన్నీ ఉచితం. వృక్షానికి వేరు ఎక్కడో చెప్పడానికి బయటి బంధువు ఒకటి కావాలి. సిల్లాకైతే అదే కుటుంబంలోని ఈత పీత ఏదైనా సరిపోతుంది. కొమ్మల దగ్గర కనిపించే అంకెలు ఆ కొమ్మను ఎంత నమ్మవచ్చో చెబుతాయి. ఐక్యూ-ట్రీ వేగవంతమైన పద్ధతిలో 95 దాటితేనే గట్టిగా మాట్లాడండి. ఒక్క జన్యువు చెప్పినదాన్ని జాతి చరిత్ర అనుకోకుండా, కేంద్రక జన్యువు ఒకటైనా జోడించండి. పెద్ద ప్రశ్నల్లో ఇది మరీ అవసరం. జంతువులన్నిటిలో మొదట విడిపోయిన కొమ్మ స్పంజికలదా, దువ్వెన జెల్లీలదా అన్న వివాదం 2008 నుంచి రగులుతోంది. 2023లో క్రోమోజోముల మీద జన్యువుల అమరికను పోల్చిన పరిశోధన దువ్వెన జెల్లీల వైపు మొగ్గింది. ఎంత డేటా ఉన్నా, ఎటువంటి లక్షణం ఎంచుకున్నామన్నదే అక్కడ తీర్పు చెప్పింది.

కొమ్మలకు కాలం కట్టాలంటే శిలాజాలు కావాలి. మన ఇళ్లలో పరిచే తాండూరు, షాబాద్ బండలు ఒకప్పటి సముద్రం అడుగే. అయినా వాటిలో గుల్ల ఒక్కటీ దొరకదు. జంతువులు గుల్లలు కట్టుకోవడం సుమారు 54 కోట్ల ఏళ్ల కింద మొదలైంది, ఆ బండలు అంతకన్నా పాతవి. దానికి భిన్నంగా రాజమహేంద్రవరం దగ్గర దక్కన్ లావా కింది సున్నపురాయి పొరల్లో టరిటెల్లా అనే మొనదేలిన నత్తగుల్లలు గుత్తులుగా ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద, డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గరివి. ఒక్కసారైనా వెళ్లి చూడండి, తవ్వవద్దు.

తొమ్మిదవ అడుగు: ప్రకటించండి, అప్పగించండి

కొత్త జాతి దొరికిందనిపిస్తే ఆరు నెలలు ఆగండి. నూటికి తొంభై సార్లు అది ఎవరో ఎప్పుడో వర్ణించి మరిచిపోయినదే అయి ఉంటుందని నా అనుభవం. నిజంగా కొత్తదైతే ఒక నమూనాను హోలోటైపుగా, అంటే ఆ పేరును ఎప్పటికీ మోసే నమూనాగా నిర్ణయించాలి. దగ్గరి జాతుల నుంచి ఎలా వేరో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికలోనైతే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టర్ అయిన జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి. కొత్త జాతి గురించి నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాలు అక్కడ జమ చేయాలని జీవవైవిధ్య చట్టమే చెబుతోంది. జంతువులకు ఆ సంస్థ 1916లో కలకత్తాలో మొదలైన భారత జంతు సర్వేక్షణ సంస్థ. హైదరాబాద్‌లో ఉన్న దాని కేంద్రం మంచినీటి జీవులది, చెన్నైలోనిది సముద్ర జీవులది.

కొత్త జాతి లేకపోయినా నమూనాలు అప్పగించండి. కృష్ణా ముఖద్వారంలో ఫలానా తేదీన పట్టిన ఒలివేసియా పీత పది, సీసాల్లో, చీటీలతో ఉంటే అది స్వయంగా ఒక ఫలితం.

చివరిగా ఒక పద్ధతి. అప్పగించిన నమూనా పేరు తప్పని రేపు మీకే తెలియవచ్చు, ఇరవై ఏళ్ల తర్వాత మరొకరికి తెలియవచ్చు. అప్పుడు పాత చీటీని బయటకు తీయకండి, కొట్టివేయకండి. కొత్త చీటీ మీద కొత్త పేరు, దాన్ని నిర్ణయించినవారి పేరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి, పాతదాని పక్కనే అదే సీసాలోకి జారవిడవండి.